చేతిలో ఎంత ఉంటే బెంగళూరులో ఫ్లాట్ చూడాలి?

మారతహళ్ళిలో ఉండే ఒంగోలు కుర్రాడు పోయిన ఆదివారం మా ఇంటికొచ్చాడు. ఇక్కడ ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటింది, పెళ్ళి కుదిరింది. వర్తూరు దగ్గర కోటి రూపాయల ఫ్లాట్ చూశాడట, ఇంకా కడుతున్నారు. "అన్నా, నెలాఖరుకి రేటు పెంచుతారంట. బ్యాంకువాళ్ళు లోన్ ఇస్తామన్నారు. టోకెన్ కట్టేయమంటావా?" అన్నాడు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అమెరికా నుంచి ఫోన్ చేసి ఇక్కడ కొనాలనుకునేవాళ్ళూ ఇదే అడుగుతారు. అందుకే అతనికి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

నోట్‌బుక్ తీసి అతని ముందే లెక్క వేశాను. లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే ఈ ఫ్లాట్‌కి మహా అయితే 75 లక్షలు వస్తాయి, మిగతా 25 లక్షలు మనమే పెట్టుకోవాలి. అతను 20 లక్షలు దాచుకున్నాడు. ఇంకో అయిదు ఎవరినైనా అడిగితే సరిపోతుందనుకున్నాడు. అక్కడితో అయిపోదు. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాస్తా 2 శాతం అయింది. అన్నీ కలిపితే సుమారు 7.6 శాతం, అంటే ఏడున్నర లక్షల పైమాటే. ఈ డబ్బుకి లోన్ రాదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ ఇంకో అయిదు లక్షలు. ఇంటీరియర్స్ ఎంత పొదుపుగా చేయించినా ఆరేడు లక్షలవుతుంది. కూడితే 44 లక్షలు. ఆ అంకె చూసి అతను కాసేపు మాట్లాడలేదు. "ఊళ్ళో పొలం ఉంది కదా అన్నా, నాన్నని అడుగుతాను" అన్నాడు చివరికి.

ఆ మాట వినలేకపోయాను. 2014లో నేనూ అలాగే చేశాను. హూడీ వైపు ఒక ఫ్లాట్ బుక్ చేశాను. సేల్స్ ఆఫీసులో కుర్రాడు మన తెలుగువాడే, "అన్నా, మనవాళ్ళకి స్పెషల్ రేటు" అన్నాడు. తెలుగు వినపడేసరికి సగం నమ్మేశాను, కాగితాలు సరిగా చదవలేదు. ఇల్లు ఏడాదిన్నర ఆలస్యంగా ఇచ్చారు. అన్నాళ్ళూ ఒకపక్క అద్దె, ఇంకోపక్క ప్రీ ఈఎంఐ, అంటే ఇల్లు చేతికొచ్చేదాకా కట్టే వడ్డీ. ఆఖరి వాయిదాకి అమ్మ తన రెండు పేటల గొలుసు రుమాల్లో చుట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. తాకట్టు విడిపించడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఏ పెళ్ళికెళ్ళినా అమ్మ పసుపుతాడుతోనే వెళ్ళింది. రేటు పెరుగుతుందన్న భయంతో పెద్దవాళ్ళ ఆసరా తాకట్టు పెట్టకండి. నెలాఖరు హెచ్చరిక వచ్చే నెలా ఉంటుంది.

ఇక ఈఎంఐ సంగతి. 75 లక్షలకి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుంటే నెలకి 65 వేలు. ఆ కుర్రాడి చేతికొచ్చేది లక్షా 20 వేలు, అంటే జీతంలో సగం పైన. "30 ఏళ్ళు పెట్టించుకుంటే తగ్గుతుంది కదా" అన్నాడు. తగ్గుతుంది, నెలకి ఏడు వేల చిల్లర. కానీ మొత్తం వడ్డీ 81 లక్షల నుంచి కోటీ 32 లక్షలకి పోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా ఒక్కరి జీతం మీదే లెక్క వేసుకోండి, అందులోనూ 40 శాతం దాటనివ్వకండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఎలా పోతున్నాయో చూస్తూనే ఉన్నాం. పిల్లలు పుట్టాక ఒకరు రెండేళ్ళు ఆగాల్సి రావచ్చు కూడా.

వడ్డీ కూడా ఒకేలా ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు, 4 నుంచి 6.5 శాతానికి వెళ్ళింది. నా ఈఎంఐ మారలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఒకరోజు యాప్ తెరిచి చూస్తే లోన్ మూడేళ్ళు పొడుగైంది! రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మనల్ని అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. ఆ ఎస్ఎంఎస్‌లు చదవండి. బోనస్ వస్తే అసలులో కట్టేయండి, ఫ్లోటింగ్ రేటు మీద ముందుగా కట్టినందుకు పెనాల్టీ లేదు.

చవగ్గా వస్తోందని బి ఖాతా ఇంటి జోలికి వెళ్ళకండి, అంటే అనుమతులు సరిగా లేక కార్పొరేషన్ వేరే రిజిస్టర్లో రాసుకున్న ఇల్లు. చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, రేపు మీరు అమ్మబోతే కొనేవాడికీ అదే తిప్పలు. ఇప్పుడు ఈ-ఖాతా, అంటే కార్పొరేషన్ ఆన్‌లైన్లో ఇచ్చే ఆస్తి రికార్డు, లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు. ఆ ఇంటి మీద పాత అమ్మకాలూ తాకట్టులూ చూపించే కాగితం ఈసీ, దాన్ని కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో మీరే తీసుకోవచ్చు. బిల్డర్ దగ్గర కొంటే అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడిగే హక్కు, ఇళ్ళు కొనేవాళ్ళని కాపాడే రెరా చట్టం ప్రకారం, అతనికి లేదు. "కొంత బ్లాక్‌లో" అంటే లేచి వచ్చేయండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలు. ఎన్నారైలు ఫ్లాట్ కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. బెంగళూరు చుట్టూ ఫార్మ్ ప్లాట్లంటూ వచ్చే ప్రకటనలకి ఆశపడకండి. డబ్బు ఎన్నారైలకి బ్యాంకులు ఇచ్చే ఎన్నార్ఈ (విదేశీ సంపాదనకి) లేదా ఎన్నార్వో (ఇక్కడి ఆదాయానికి) ఖాతా నుంచి కట్టండి. ఇక్కడ ఉన్నవాళ్ళు ఎన్నారై దగ్గర కొంటుంటే మామూలు 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడి పన్ను కింద మనం ముందే కోసి కట్టేది) సరిపోదు, చాలా ఎక్కువ కోయాలి. ఆడిటర్‌ని అడగకుండా డబ్బు పంపకండి.

ఆ కుర్రాడికి అదే నోట్‌బుక్‌లో ఇంకో లెక్క వేసిచ్చాను. కేఆర్ పురం వైపు 65 లక్షల్లో పాత ఫ్లాట్, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) ఉన్నది. 80 శాతం లోన్ వస్తే 52 లక్షలు, చేతి నుంచి 13, రిజిస్ట్రేషన్‌కి దాదాపు 5. మొత్తం 18 లక్షలు, అతను దాచుకున్న దాంట్లోనే అయిపోతుంది. ఈఎంఐ 45 వేలు, జీఎస్టీ లేదు, నాన్నగారి పొలం జోలికి వెళ్ళక్కర్లేదు. శనివారం ఇద్దరం చూడ్డానికి వెళ్తున్నాం. బ్రోకర్ పదింటికి రమ్మన్నాడు. ఆరింటికే వెళ్దామన్నాను, గేటు దగ్గర ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు ఆగుతాయో ఆ వేళకైతే తెలుస్తుంది.