మాడ్యూల్స్ విడదీయబోతున్న సుధకు

చి. సుధకు బాబాయి ఆశీస్సులు.

మీ ఆఫీసులో ఆ పెద్ద జావా అప్లికేషన్‌ని మాడ్యూల్స్‌గా విడదీసే పని నీకు అప్పజెప్పారని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. ఆ వెంటనే "మూడు వారాల పనేనట, ప్యాకేజీలు అటునుంచి ఇటు జరపడమేనట" అన్నాడు. అది విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. జరిపే పని ఐడీఈ, అంటే కోడ్ రాసుకునే ఎడిటర్, చేసిపెడుతుంది తల్లీ. ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో వచ్చి కూర్చుంటుందో తేల్చేది మావెన్, అంటే కోడ్‌ని బిల్డ్ చేసి, కావలసిన లైబ్రరీలని తెచ్చిపెట్టే టూల్. దాని లెక్క ఒంటబట్టకుండా ఒక్క ఫోల్డర్ కూడా కదపొద్దు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. జేయూనిట్ లాంటి టెస్టింగ్ లైబ్రరీలని టెస్ట్ స్కోప్‌లో, నడిచేటప్పుడు సర్వరే ఇచ్చేవాటిని ప్రొవైడెడ్ స్కోప్‌లో పెట్టు. స్నాప్‌షాట్ల (ఇంకా మారుతూ ఉండే వెర్షన్ల) మీద ఆధారపడి రిలీజ్ చేయకు. ఒక్క మాడ్యూలే బిల్డ్ చేయాలంటే పీఎల్ (-pl, ఫలానా మాడ్యూల్ అని చెప్పేది) ఆప్షన్‌తో పాటు ఏఎం (-am, దానికి కావలసిన మాడ్యూల్స్‌నీ బిల్డ్ చేసేది) కూడా ఇవ్వు, లేకపోతే లోకల్ రిపాజిటరీలో పడి ఉన్న పాత జార్‌ని (కంపైలైన క్లాసుల మూటని) తగిలించుకుంటుంది.

నా భయమల్లా వెర్షన్ల దగ్గర. ఒకే లైబ్రరీ రెండు దారుల్లో రెండు వెర్షన్లుగా వస్తే మావెన్ ఒక్కదాన్నే ఉంచుతుంది. కొత్తదాన్ని ఉంచుతుందనుకుంటారు చాలామంది. గ్రేడిల్ అనే ఇంకో బిల్డ్ టూల్ అయితే నిజంగానే పెద్ద వెర్షన్‌ని తీసుకుంటుంది. మావెన్ అలా కాదు, దగ్గరున్నదాన్ని తీసుకుంటుంది. నీ పామ్ (ప్రాజెక్టుకి కావలసిన లైబ్రరీలు రాసే pom.xml ఫైల్) నుంచి ఎన్ని మెట్ల కింద ఉందన్నదే దాని లెక్క. రెండూ ఒకే మెట్టు మీద ఉంటే పామ్‌లో ముందు రాసిన దారిదే పైచేయి. ఇప్పుడు ఆలోచించు. మాడ్యూల్ విడదీయడమంటే మధ్యలో ఇంకో మెట్టు కట్టడమే. నువ్వు ఒక్క వెర్షన్ అంకె ముట్టుకోకపోయినా గెలిచే వెర్షన్ మారిపోవచ్చు.

గూగుల్ వాళ్ల గ్వావా లైబ్రరీతోనే చూపిస్తాను. ఇవాళ మీ అప్లికేషన్ ఒక రిపోర్టుల లైబ్రరీని నేరుగా వాడుతోందనుకో. దానికి గ్వావా 28 కావాలి. అంటే 28 రెండో మెట్టు మీద ఉంది. ఇంకో పాత లైబ్రరీ, దాని కింద మరొకటి, దాని కింద గ్వావా 19. ఇది మూడో మెట్టు. 28 గెలుస్తుంది, అంతా సవ్యంగా నడుస్తుంది. ఇప్పుడు రిపోర్టుల కోడ్‌ని 'రిపోర్ట్స్' అనే మాడ్యూల్‌లోకి తీశావు. అప్లికేషన్ కింద రిపోర్ట్స్, దాని కింద ఆ లైబ్రరీ, దాని కింద 28. అదీ మూడో మెట్టుకి దిగింది. కొత్త మాడ్యూల్‌ని అందరిలాగే నువ్వూ అప్లికేషన్ పామ్‌లో చివర్న చేరుస్తావు. 19 గెలిచింది.

చిక్కంతా ఆ తర్వాత. రిపోర్ట్స్ మాడ్యూల్‌ని బిల్డ్ చేసినప్పుడు దాని సొంత డిపెండెన్సీ ట్రీలో (ఏది దేన్ని లాక్కొస్తుందో చెప్పే చెట్టులో) 28 ఉంటుంది, 19 ఊసే ఉండదు. దాని టెస్టులన్నీ పాసవుతాయి. అప్లికేషన్ కూడా కంపైల్ అవుతుంది, ఎందుకంటే ఆ లైబ్రరీ జార్ ఎక్కడో ఎప్పుడో కంపైలై వచ్చింది, మన కంపైలర్ దాని లోపల కాల్స్ సరిచూడదు. ఇక గ్వావా సంగతి. ప్రీకండిషన్స్ క్లాసులో చెక్‌ఆర్గ్యుమెంట్ అని ఒక మెథడ్ ఉంది కదా, ఇచ్చిన విలువ సరైనదో కాదో చూసేది, దానికి తప్పు సందేశం తర్వాత ఇచ్చే విలువలు ఒకప్పుడు ఒకటైనా పదైనా అర్రేగానే వెళ్లేవి. గ్వావా 20లో ఒక్క విలువకీ, రెండింటికీ విడివిడిగా కొత్త రూపాలు చేర్చారు. సోర్స్‌లో అదే లైను, అక్షరం తేడా లేదు. కానీ 28తో కంపైల్ చేసిన జార్ బైట్‌కోడ్‌లో (కంపైలైన రూపంలో) కొత్త సిగ్నేచర్, అంటే ఆ కొత్త రూపం పేరూ పారామీటర్ల రకాలూ, పడుతుంది. 19లో ఆ రూపం లేదు. ఆ కాల్ నడిస్తే వచ్చేది నోసచ్‌మెథడ్‌ఎర్రర్, అంటే 'అలాంటి మెథడ్ లేదు' అన్న తప్పు.

అదైనా సర్వర్ లేవగానే వస్తుందా అంటే రాదు. ఆ కాల్ మొదటిసారి నడిచేటప్పుడే జేవీఎం (జావా ప్రోగ్రాముని నడిపేది) దాన్ని వెతుక్కుంటుంది. నెలాఖరు రిపోర్టులో మాత్రమే నడిచే లైనైతే నెలాఖరు దాకా ఎవరికీ తెలియదు. పైగా అది ఎర్రర్, ఎక్సెప్షన్ కాదు, కాబట్టి మీవాళ్లు ఎక్సెప్షన్ కోసం రాసిన క్యాచ్‌లో పడదు. ఆ పనిని ఎగ్జిక్యూటర్‌కి (పనులని వేరే థ్రెడ్‌లో నడిపేదానికి) సబ్మిట్ చేసి, చేతికొచ్చిన ఫ్యూచర్ (ఫలితం తర్వాత అందించే రసీదు లాంటిది) మీద ఎవరూ గెట్ పిలవకపోతే లాగ్‌లో కూడా ఉండదు. రిపోర్ట్ రాలేదు, అంతే. ఎప్పుడైనా ఇలాంటిది తగిలితే ఊహలు మానేసి జావాని వెర్బోస్ క్లాస్ ఆప్షన్‌తో నడుపు. ఏ క్లాసు ఏ జార్ నుంచి లోడైందో వరసగా చెబుతుంది. ఆ జార్‌లోని క్లాసు మీద జావాపీ (క్లాసు ఫైల్‌లో ఏముందో చూపే టూల్) నడిపితే మెథడ్ ఉందో లేదో కళ్లారా చూడొచ్చు.

అందుకని విడదీయకముందే మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ గోల్ (ఆ చెట్టుని చూపే ఆదేశం) నడిపి, వచ్చిందంతా ఒక ఫైల్‌లో దాచుకో. వెర్బోస్ పెట్టు, ఓడిపోయిన వెర్షన్లు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు గెలుస్తున్న వెర్షన్లని పేరెంట్ పామ్‌లో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ కింద రాసెయ్యి. అక్కడ రాసినదానికి మెట్ల లెక్క వర్తించదు, పిల్ల మాడ్యూల్స్ అన్నీ దానికే కట్టుబడతాయి. పిల్ల పామ్‌లలో వెర్షన్ అంకె ఒక్కటి కూడా కనబడకూడదు. బామ్‌లు (వెర్షన్ల జాబితాలు మోసే పామ్‌లు) రెండు ఇంపోర్ట్ చేస్తే, ఒకే లైబ్రరీ రెండింట్లోనూ ఉన్నప్పుడు ముందు రాసిన బామ్ మాటే చెల్లుతుంది. నువ్వు విడిగా రాసిన అంకె ఆ రెండింటినీ దాటేస్తుంది. తర్వాత బిల్డ్‌లో నియమాలు అమలుచేసే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ రూల్ పెట్టు. ఎవరైనా అడిగినదానికన్నా తక్కువ వెర్షన్ గెలిస్తే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. డిపెండెన్సీ కన్వర్జెన్స్ రూల్ ఇంకా కఠినం, ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు కనబడితేనే ఒప్పుకోదు, పాత ప్రాజెక్టులో మొదటిరోజే పెడితే పని ముందుకు సాగదు.

గొడవొచ్చిన చోటల్లా ఎక్స్‌క్లూజన్ ('ఈ దారిలో ఆ లైబ్రరీ వద్దు' అని) రాసుకుంటూ పోయావంటే చెవి మెలిపెడతాను. అది ఆ ఒక్క దారినే మూస్తుంది. రేపు ఇంకో లైబ్రరీ అదే పాత జార్‌ని మోసుకొస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎక్స్‌క్లూజన్‌కి అసలైన చోటు వేరే ఉంది. గ్వావాకి ముందు గూగుల్ కలెక్షన్స్ అని ఉండేది, అవే ప్యాకేజీలు, అవే క్లాసులు, కానీ గ్రూప్ ఐడీ (మావెన్ లైబ్రరీని గుర్తుపట్టే పేరులో ఒక భాగం) వేరు. మావెన్ దృష్టిలో ఆ రెండింటికీ సంబంధమే లేదు, రెండూ క్లాస్‌పాత్‌లోకి, అంటే జావా క్లాసుల కోసం వెతికే చోటికి, వచ్చేస్తాయి. అక్కడ పాతదాన్ని ఎక్స్‌క్లూడ్ చేయక తప్పదు.

వెర్షన్లన్నీ ఒకేచోట ఉండాలని నేనింత పట్టుబట్టడానికి ఇంకో కారణం లాగ్‌ఫోర్‌జే అనే లాగింగ్ లైబ్రరీ. 2021 డిసెంబర్‌లో దాని భద్రతా లోపం బయటపడ్డాక అదే నెలలో 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరసగా వచ్చాయి. ఒక్కో మాడ్యూల్ పామ్‌లో ఒక్కో అంకె రాసుకున్న వాళ్లకి నాలుగుసార్లూ వెతుకులాటే. పేరెంట్‌లో పెట్టుకున్న వాళ్లు ప్రతిసారీ ఒక్క లైను మార్చి బిల్డ్ కొట్టారు.

ఇక చక్రాలు, అంటే ఒకదాన్నొకటి పట్టుకున్న మాడ్యూల్స్. ఆర్డర్స్ మాడ్యూల్ బిల్లింగ్‌ని పిలుస్తుంది, బిల్లింగ్ తిరిగి కస్టమర్ అడ్రస్ కోసం ఆర్డర్స్‌ని అడుగుతుంది. ఒకే జార్‌లో ఉన్నన్నాళ్లూ ఇది చెల్లింది. విడదీశాక సైక్లిక్ రిఫరెన్స్ అంటూ మావెన్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ముందు తేలిక దారి చూడు: ఆ అడ్రస్‌ని పిలిచేటప్పుడే పారామీటర్‌గా ఇచ్చేస్తే బిల్లింగ్‌కి వెనక్కి తిరిగి అడిగే అవసరమే ఉండదు. అది కుదరకపోతే అడ్రస్ అడిగే ఇంటర్‌ఫేస్‌ని బిల్లింగ్‌లో పెట్టు, దాన్ని ఆర్డర్స్ అమలు చేస్తుంది, రెండింటినీ కలిపే పని అప్లికేషన్ మాడ్యూల్ చూసుకుంటుంది. జేడెప్స్ అనే టూల్‌ని ఇప్పటి జార్ మీద నడిపితే ఏ ప్యాకేజీ ఏ ప్యాకేజీని పట్టుకుందో ముందే తెలుస్తుంది. ఆ చిత్రం చేతిలో పెట్టుకుని మీ మేనేజర్‌ని గడువు అడుగు.

చక్రం తెంచలేక రెండువైపులా కావలసినదాన్నంతా 'కామన్' అనే మాడ్యూల్‌లోకి తోసేయాలనిపిస్తుంది. వద్దు. అది అటక లాంటిది, ఎక్కించడమే తప్ప దించేవాడుండడు. అందరూ దాని మీదే ఆధారపడతారు గనుక అందులో ఏది మారినా అన్నీ మళ్లీ బిల్డ్ కావాలి. దానికి తగిలించిన ప్రతి లైబ్రరీ అందరి ట్రీలోకీ దిగుతుంది.

2017లో జావా 9తో వచ్చిన మాడ్యూల్ సిస్టమ్ జోలికి ఇప్పుడే పోకు. వెర్షన్ ఎంపిక అది చేయదు, ఆ బాధ్యత బిల్డ్ టూల్‌దే. కానీ ఒక్క నియమం ఇప్పటినుంచే పాటించు. ఒకే ప్యాకేజీ పేరు రెండు మాడ్యూల్స్‌లో ఉండకూడదు. తర్వాతెప్పుడో మాడ్యూల్ ఇన్ఫో (ఆ సిస్టమ్‌కి మాడ్యూల్‌ని వివరించే ఫైల్) రాయబోతే ఆ సిస్టమ్ ఒప్పుకోదు, అప్పుడు ఇంపోర్టులన్నీ తిరగరాయాలి. జావా 8 నుంచి 11కి మారే ఆలోచన కూడా ఉంటే రెండూ ఒకేసారి పెట్టుకోకు. 11లో జాక్స్‌బీని (ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీని) జేడీకే (జావా కిట్) నుంచి తీసేశారు, ఏ తప్పు దేనివల్ల వచ్చిందో తేల్చలేక ఏడుస్తావు. నీ కంట నీళ్లు చూసే ఓపిక నాకు లేదు.

డిపెండెన్సీ ఎనలైజ్ గోల్ రెండు జాబితాలిస్తుంది. వాడుతూ ప్రకటించనివాటిని వెంటనే ఆ మాడ్యూల్ పామ్‌లో చేర్చు. ప్రకటించి వాడనివాటిని మాత్రం గుడ్డిగా తీసేయకు, జేడీబీసీ డ్రైవర్ (డేటాబేస్‌తో కలిపేది) లాంటివి కోడ్‌లో ఎక్కడా కనబడవు, నడిచేటప్పుడు కావాలి.

మాడ్యూల్ ఒక్కటి విడదీయగానే అప్లికేషన్ ట్రీ మళ్లీ తీసి, దాచిన ఫైల్‌తో డిఫ్ చెయ్యి, అంటే తేడాలు చూడు. కొత్త మాడ్యూల్ లైన్లూ, కిందికి జరిగిన మెట్లూ తప్ప ఏ వెర్షనూ మారకూడదు. మారితే ఆ కారణం తేలేదాకా మెర్జ్ చేయకు. మొదటి డిఫ్ నాకు కూడా పంపు, ఎంత పొద్దుపోయినా చూస్తాను.

బాబాయి