మూసే తేదీ ముందే రాసిపెట్టుకున్న కొట్టు

పోయిన నెల ఒకరికి జవాబు రాస్తూ, జపాన్ కంపెనీ కామ్ డె గార్సాన్ ఒకప్పుడు నడిపిన గెరిల్లా స్టోర్ల గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశాను. ఎంత బాగా నడిచినా ఏడాది నిండగానే షట్టర్ దించేసే బట్టల కొట్లు అవి. ఆ రెండు ముక్కలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. బట్టల సంగతి అడిగినవాళ్లు తక్కువ, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత అని అడిగినవాళ్లు ఎక్కువ. మనవాళ్లు మనవాళ్లే! ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మేడమ్, నేను బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. మొదటి గెరిల్లా స్టోర్ ఈ ఊళ్లోనే పెట్టారని రాశారు, ఎక్కడో రాయలేదు. వెళ్లి చూడొచ్చా?
– ఒక విద్యార్థి, బెర్లిన్ (సొంతూరు కాకినాడ)

జవాబు: చూడ్డానికి ఏమీ మిగల్లేదు నాయనా, అది మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఆ వీధికి ఒకసారి వెళ్లు. మిట్టె ప్రాంతంలో షాసేస్ట్రాసె అని ఉంటుంది. నాటకాల బ్రెఖ్ట్ ఉన్నాడే, ఆయన 1953 నుంచి 1956లో పోయేదాకా అక్కడే ఉన్నాడు, ఇప్పుడా ఇల్లు మ్యూజియం, పక్కనే శ్మశానం, ఆయన సమాధి కూడా అందులోనే. ఆ బ్రెఖ్ట్ ఇంటి తాలూకు పుస్తకాల కొట్టు ఖాళీ అయితే 2004 ఫిబ్రవరిలో అందులో బట్టలు పెట్టి అమ్మకం మొదలెట్టారు. డబ్బున్నవాళ్ల మీద జీవితాంతం నాటకాలు రాసినాయన గుమ్మంలో వేల రూపాయల చొక్కాలు! ఆయన ఉండి ఉంటే దాని మీదా ఒక సీను రాసేవాడేమో.

బాగు చేయించడానికి అయింది దాదాపు 2,500 డాలర్లని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో అలాంటి బ్రాండు షోరూమ్ తెరిస్తే ఆ డబ్బు తలుపు పిడికి కూడా చాలదు. వాళ్లు తమకు తామే ఐదు నియమాలు రాసుకున్నారు. కొట్టు ఏడాదికి మించి ఉండకూడదు. గది ఎలా ఉంటే అలాగే వాడుకోవాలి, డెకరేషన్ పేరుతో హంగామా చేయకూడదు. బజారు వీధికి దూరంగా, ఏదో ఒక చరిత్రో వాతావరణమో ఉన్న చోటు వెతకాలి. కొత్త సీజన్ సరుకు, పాత సీజన్ల సరుకు అన్నీ కలిపి పెట్టాలి. ఐదోది అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని కింద గుంటూరు చెల్లెమ్మకి చెబుతాను, అక్కడ చదువు.

బెర్లిన్ తరవాత బార్సెలోనా, సింగపూర్, హెల్సింకీ, లుబ్లియానా, రేక్యవిక్, ఏథెన్స్, బీరూట్... ఇలా పోతుంది వరస. గమనించావా, ఈ జాబితాలో లండన్ లేదు, పారిస్ లేదు, మిలాన్ లేదు. వార్సాలో అయితే కమ్యూనిస్టు కాలం నాటి కూరగాయలు, పండ్ల దుకాణంలో పెట్టారు. నాకు అన్నిటిలోకీ అదే నచ్చింది. ఫ్యాషన్ వ్యాపారంలో సీజన్ దాటిన కోటంటే సాయంత్రం మిగిలిన కొత్తిమీర కట్ట లాంటిదే కదా.

ప్రశ్న: అస్తమానం పాప్-అప్ పాప్-అప్ అంటారు. మా నాంపల్లి నుమాయిష్ ఏమిటి మరి? తాత్కాలికంగా కొట్లు పెట్టడం జపాన్ వాళ్లు మనకు నేర్పాలా?
– ఒక రిటైర్డ్ లెక్చరర్, నారాయణగూడ

జవాబు: సగం మీతో ఏకీభవిస్తున్నాను మాస్టారూ. నుమాయిష్ 1938లో మొదలైంది, జనవరి 1న తెరిచి ఫిబ్రవరి 15న మూస్తారు, 46 రోజులు. దాని ముందు బెర్లిన్ కొట్టు వయసెంత! వారం వారం సంత, జాతర దగ్గర గాజుల కొట్టు, ఇవన్నీ ఇంకా పాతవి. గెరిల్లా స్టోర్‌కి రెండేళ్ల ముందే, 2002లో, అమెరికాలో పెద్ద పెద్ద సూపర్‌మార్కెట్లు నడిపే టార్గెట్ కంపెనీ న్యూయార్క్ చెల్సీ పియర్స్ దగ్గర పడవలో రెండు వారాలు షాపు నడిపింది. కాబట్టి పెట్టి తీసేయడం కొత్త కాదు.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. నుమాయిష్‌కి ప్రాణం జనం. మైకు, లైట్లు, జెయింట్ వీలు, పిస్తా హౌస్ హలీమ్ వాసన, పిల్లాడు తప్పిపోయాడని అనౌన్స్‌మెంటు. సంత ఎప్పుడూ జనం ఉన్న చోటికే వెళ్తుంది. ఈ గెరిల్లా కొట్టు జనం లేని చోటికి వెళ్లి, దమ్ముంటే మీరే వెతుక్కుని రండి అంటుంది. ఎంత పొగరు! కానీ ఆ పొగరే పనిచేసింది. ఎక్కడుందో తెలిసినవాడు తెలియనివాడికి చెప్పాడు, అంతకు మించిన అడ్వర్టైజ్‌మెంట్ ఏముంది.

పాత సరుకు సంగతి కూడా చూడండి. మన దగ్గర ఆషాఢం రాగానే ఏం చేస్తాం? సగం ధర బోర్డు కట్టి, పాత స్టాకు బల్ల మీద కుప్ప పోసి, తొక్కిసలాటలో లాక్కోమంటాం. వీళ్లు ఐదేళ్ల కిందటి జాకెట్‌నీ నిన్న వచ్చిన జాకెట్‌నీ ఒకే కమ్మీకి తగిలించారు. ఏది పాతదో చూసేవాడికి తెలియదు, తెలిసినా అవమానం లేదు. గోడౌన్‌లో మగ్గుతున్న డెడ్ స్టాక్‌కి ఇంత మర్యాదగా దారి చూపించిన వ్యాపారిని నేనింకొకర్ని చూడలేదు.

ప్రశ్న: ఆ కంపెనీ బట్టల ఫొటోలు చూశాను. చిల్లుల స్వెటర్లు, వీపు మీద దిండు పెట్టి కుట్టినట్టున్న గౌన్లు. ఇవి ఎవరైనా నిజంగా కొంటారా?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: కొంటారండీ, బాగానే కొంటారు. దాన్ని పెట్టినావిడ రేయ్ కవాకుబో, 1942లో పుట్టింది, టైలరింగ్ చదువు చదవలేదు, బట్టల కంపెనీలో ఉద్యోగం చేసి 1969లో సొంతంగా మొదలెట్టింది. 1980ల మొదట్లో పారిస్‌లో చిల్లుల స్వెటర్లు చూపిస్తే విమర్శకులు ఎక్కిరించారు. మీరన్న దిండ్ల గౌన్లు 1997 నాటివి. 2017లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆవిడ బట్టలతోనే ఎగ్జిబిషన్ పెట్టారు. బతికున్న డిజైనర్‌కి అక్కడ అలాంటి గౌరవం అంతకు ముందు ఒక్కరికే దక్కింది, 1983లో ఈవ్ సాన్ లొరాన్‌కి. అయితే రోజువారీ డబ్బు తెచ్చేవి దిండ్ల గౌన్లు కావు. టీషర్టులు, పర్సులు, సెంటు సీసాలు. మన చీరల షాపుల్లో కూడా అంతే, షోకేసులో లక్ష రూపాయల పట్టుచీర, గల్లాపెట్టె నింపేది మాత్రం ఆరు వందల కాటన్.

ప్రశ్న: అక్కా, నాకు గుంటూరులో చిన్న బొటీక్ ఉంది. ఇక్కత్‌తో కాస్త వింత కట్స్ కుడతాను. హైదరాబాద్‌లో ఒక కేఫ్ వాళ్లు పైగది మూడు నెలలు ఇస్తాం, అద్దె వద్దు, అమ్మకంలో ముప్పై శాతం ఇవ్వు అంటున్నారు. ఇంట్లో వద్దంటున్నారు. నాకేమో చాలా టెన్షన్‌గా ఉంది. వెళ్లనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెళ్లు. కానీ ముందు ఆ ఐదో నియమం విను. గెరిల్లా స్టోర్‌లో అద్దె, లీజు, కొట్టు నడిపే బాధ్యత స్థానికంగా ఉన్న భాగస్వామిది. వాళ్లలో చాలామంది షాపులు నడిపిన అనుభవం లేనివాళ్లే. సరుకు కంపెనీది. అమ్మినంతవరకే లెక్క, మిగిలింది వాపసు. అంటే ఒకరికి అద్దె భయం, ఇంకొకరికి సరుకు భయం, రెండూ ఒకరి నెత్తినే పడలేదు. పాడుబడిన గోడలు, శ్మశానం పక్క వీధి, ఇవన్నీ ఫొటోకి బాగుంటాయి కానీ కొట్టు నిలబడింది ఈ పంపకం మీద.

నీ బేరంలో అద్దె భయం కేఫ్ వాళ్లది, సరుకు భయం నీది. మొదటిసారికి సబబే. నెలకి లక్ష అమ్మితే ముప్పై వేలు పోతాయి, నొప్పే, పదివేలే అమ్మితే మూడు వేలతో బయటపడతావు.

నా కథ చెప్తాను. చాలా ఏళ్ల కిందట విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో మూడు రోజుల సేల్‌లో స్టాల్ తీసుకున్నాను, అరవై చీరలతో. అద్దె మొత్తం ముందే కట్టించుకున్నారు, ఎవరని అడగొద్దు. వెళ్లేసరికి వెనక గోడకి ముందు రాత్రి పెళ్లి తాలూకు థర్మోకోల్ అక్షరాలు అలాగే ఉన్నాయి, పెళ్లికూతురి పేరులో ఒక అక్షరం రాలిపోయి వేలాడుతోంది. వాటి ముందే చీరలు పరిచాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ గెరిల్లా స్టోరే! రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ మా ఒప్పందంలో లేదన్నారు. పద్నాలుగు చీరలు అమ్మాను. అసలు దెబ్బ అది కాదు. మిగిలిన నలభై ఆరూ ఇంటికొచ్చి విప్పితే, ప్రతి చీరా కనీసం ఇరవై మంది విప్పి చూసింది, మడతలు తప్పాయి, లేత రంగు అంచుల మీద చేతి మరకలు, ఒకదాని మీద మామిడికాయ పచ్చడి నూనె చుక్క. అవి కొత్త చీరలుగా వెళ్లి వాడిన చీరలుగా తిరిగొచ్చాయి.

అందుకే కేఫ్ వాళ్లతో ముందే మాట్లాడుకో: కాఫీ ఒలికి పాడైన పీసు ఎవరి ఖాతాలో పడుతుంది? డబ్బు ఎవరి ఫోన్‌లోకి వెళ్తుంది, నీకు వారానికా నెలకా ఇచ్చేది? ముగిసే తేదీ కాగితం మీద రాయించు. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. నువ్వు ఆంధ్రాలో, అమ్మేది తెలంగాణలో. అక్కడ నీకు స్థిరమైన షాపు లేకుండా నీ పేరు మీద బిల్లు కొడితే, జీఎస్టీలో "క్యాజువల్ టాక్సబుల్ పర్సన్" అని వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, కనీసం ఐదు రోజుల ముందు అప్లై చేయాలి, అంచనా పన్ను ముందే కట్టాలి, ఎక్కువలో ఎక్కువ 90 రోజులు చెల్లుతుంది. నీ మూడు నెలలకి దాదాపు సరిపోయింది చూడు. చేనేతకి, హస్తకళలకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, నీ సరుకు వాటిలోకి వస్తుందో లేదో మీ ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడుగు.

పోయినేడు మిగిలిపోయిన పీసులు కూడా పట్టుకెళ్లు. విడిగా పెట్టకు, కొత్తవాటి మధ్యలోనే తగిలించు.

ప్రశ్న: అంత బాగా నడిస్తే మరి ఎందుకు ఆపేశారు?
– ఒక ఎంబీఏ విద్యార్థి, తిరుపతి

జవాబు: అందరూ మొదలెట్టారు కాబట్టి. నాలుగైదేళ్లలో ప్రతి కంపెనీకీ ఒక పాప్-అప్ వచ్చేసింది, కవాకుబో కంపెనీ కూడా 2008లో టోక్యోలో ఖరీదైన బ్యాగుల కంపెనీ లూయీ విటాన్‌తో కలిసి కొన్ని నెలల షాపు పెట్టింది, అదే ఏడాది నవంబరులో చవక ఫ్యాషన్ షాపుల హెచ్ అండ్ ఎమ్‌కి బట్టలు చేసిచ్చింది. గెరిల్లా అన్న మాట వింటే మనకి అడవి గుర్తొస్తుంది కదా, అడవి మొత్తం గెరిల్లాలే అయ్యాక ఇక దాక్కోవడానికి చోటేదీ? దశాబ్దం ముగిసేలోపు ఆ కొట్లు సద్దుమణిగాయి.

కానీ ఆ బుర్ర ఊరుకోలేదు. 2004లోనే లండన్‌లో డోవర్ స్ట్రీట్ మార్కెట్ అని శాశ్వతమైన షాపు తెరిచారు, 2016లో దాన్ని హేమార్కెట్‌కి మార్చారు. కవాకుబో, ఆమె భర్త ఏడ్రియన్ జాఫీ కలిసి మొదలెట్టింది. శాశ్వతం అన్నానా, ఏడాదికి రెండుసార్లు కొన్ని రోజులు మూసేసి లోపల ఏర్పాట్లు తిప్పేస్తారు, దానికి "తచిఅగరి" అని జపాన్ పేరు. కొట్టు చిరునామా మారదు, లోపలి కొట్టు మారుతుంది. నన్నడిగితే గెరిల్లా కన్నా ఇదే తెలివైన పని, అద్దె అడ్వాన్స్ మళ్లీ మళ్లీ కట్టక్కర్లేదు.

ప్రశ్న: పెద్ద బ్రాండ్లే తమ డూప్లికేట్లు తామే అమ్మాయట, నిజమేనా? కోఠిలో నేను కొన్న జీన్స్ కూడా అలాంటిదే అయ్యుండొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిజమే. వెత్మా అనే బట్టల లేబుల్‌కి కొరియాలో నకిలీలు విపరీతంగా వస్తుంటే, 2016లో వాళ్లే సియోల్ శివార్లలో నమ్యాంగ్జు అనే ఊళ్లో గోడౌన్‌లాంటి చోట "అఫీషియల్ ఫేక్" అని పేరు పెట్టి అమ్మారు. జనం క్యూ కట్టారు. 2018 ఫిబ్రవరిలో డీజిల్ అనే జీన్స్ కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. న్యూయార్క్‌లో నకిలీ సరుక్కి పేరుమోసిన కెనాల్ స్ట్రీట్‌లో, తన పేరులోని అక్షరాలు రెండు అటూ ఇటూ మార్చి ఒక చీకటి కొట్టు పెట్టింది. నకిలీ అనుకుని బేరమాడి కొనుక్కెళ్లినవాళ్ల చేతిలో ఉన్నది కంపెనీ వాళ్లే కుట్టిన సరుకు. తరవాత అసలు సంగతి బయటపెట్టారు.

మీ కోఠి జీన్స్ మీద స్పెల్లింగు తప్పుంటే మాత్రం అది డూప్లికేటే, ఆశలు పెట్టుకోకండి. మొదటిసారి బకెట్లో విడిగా ఉతకండి, రంగు పోతుంది.