నౌన్ నిర్వచనం వచ్చు, కానీ వాక్యంలో గుర్తుపట్టలేకపోతున్నాను. ఎలా నేర్చుకోవాలి?

మీరు తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, ఇంటర్వ్యూల కోసం అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నానని, నౌన్‌లో రకాలన్నీ కంఠతా వచ్చినా వాక్యంలో ఏది నౌనో తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నానని రాశారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రాలు ఇంట్లోనే ఇంగ్లీష్ ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే.

'మనిషి, చోటు, వస్తువు పేరే నౌన్' అన్న నిర్వచనం తప్పు కాదు, కానీ అది సగమే. ఇంగ్లీష్‌లో ఎన్నో మాటలు విడిగా చూస్తే నౌనో వెర్బో తెలియవు. అందుకే మొదటి రోజే బోర్డు మీద ఈ రెండు వాక్యాలు రాస్తాను: 'ది మూసీ ఫ్లడెడ్ ది సిటీ ఇన్ 1908. ది ఫ్లడ్ డిస్ట్రాయ్డ్ మెనీ హౌసెస్.' మొదటి వాక్యంలో మూసీ ఊరిని ముంచెత్తింది, అంటే ఫ్లడ్ అక్కడ పని, వెర్బ్. రెండో వాక్యంలో దాని ముందు 'ది' వచ్చింది, ఇళ్లను కూల్చింది కూడా అదే. కాబట్టి అక్కడ నౌన్. ఎ, ది, మై, యువర్ లాంటివి కనిపిస్తే కాస్త ముందుకు చూడండి, నౌన్ దొరుకుతుంది. మధ్యలో అడ్జెక్టివ్ రావచ్చు, 'ఎ బిగ్ ఫ్లడ్' అన్నట్టు. వర్క్, కాల్, ఆన్సర్, హెల్ప్ తీసుకుని ఒక్కోదానితో ఇలాగే రెండేసి వాక్యాలు రాయండి. నిర్వచనం పదిసార్లు చదవడం కన్నా ఇది మేలు.

పుస్తకాల్లో కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అని రకాలు ఉంటాయి. పరీక్ష ఉంటే చదవండి. మాట్లాడటానికి మాత్రం రెండు తేడాలు ముందు తెలియాలి. ఒకటి, అది ప్రత్యేకమైన పేరా, మామూలు పేరా. హైదరాబాద్, మూసీ పెద్ద అక్షరంతో మొదలవుతాయి, సిటీ, రివర్ అక్కర్లేదు. నదుల పేర్ల ముందు 'ది' వస్తుంది, ఊళ్ల పేర్ల ముందు సాధారణంగా రాదు.

రెండోది లెక్క. మనవాళ్లకు అసలు చిక్కంతా ఇక్కడే. మనం 'మంజీరా నీళ్లు వచ్చాయి', 'పాలు విరిగిపోయాయి', 'బియ్యం అయిపోయాయి' అంటాం, అన్నీ బహువచనంలోనే. ఆ అలవాటుతో 'మిల్క్ ఆర్' అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఇంగ్లీష్‌లో వాటర్, మిల్క్, రైస్ లెక్కపెట్టేవి కావు, వాటికి 'ఈజ్' రావాలి. వార్తలు మనకు ఎన్నో, అయినా 'న్యూస్ ఈజ్' అనే అనాలి. కత్తెర, ప్యాంటు, కళ్లజోడు మనకు ఒక్కటే, కానీ సిజర్స్, ట్రౌజర్స్, గ్లాసెస్‌కు 'ఆర్' వస్తుంది. సలహాలు, వివరాలు, సామాన్లు అనుకుని అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, లగేజెస్ అనకండి. ఒక సలహా అని చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనండి.

మీకు ఇంటర్వ్యూలు ఉన్నాయి కాబట్టి ఎక్స్‌పీరియన్స్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. పని అనుభవం అంటే అది లెక్కకు రాదు, 'ఐ హావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అనాలి. 'ఎక్స్‌పీరియన్సెస్' అంటే మీకు ఎదురైన సంఘటనలు అని అర్థం వస్తుంది.

ఇక ఐఎన్‌జీ ఉన్న మాట కనిపించగానే వెర్బ్ అనుకోకండి. 'మై హాబీ ఈజ్ రీడింగ్'లో రీడింగ్ నౌన్ పనే చేస్తోంది, మన 'చదవడం' లాగే. 'ఐ యామ్ రీడింగ్'లో మాత్రం అది వెర్బ్. ఇది ఒక్క రోజులో రాదు. మీరు రాసుకున్న వాక్యాలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను.