పెంచుకుంటామని వచ్చినవాళ్ళను ఏం అడగాలి?

ప్రశ్న: దెబ్బతిన్న వీధికుక్కలకు చిన్న షెల్టర్ నడుపుతున్నాం. ఫారం నింపించి, ఆధార్ నకలు తీసుకునే కుక్కపిల్లల్ని ఇస్తున్నాం. అయినా కొన్ని నెలకే తిరిగొస్తున్నాయి, కొన్ని మళ్ళీ వీధిలో కనిపిస్తున్నాయి. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది, ఇల్లు ఎలాంటిదో చెప్పదు. "బాగా చూసుకుంటారా?" అంటే కాదనేవాళ్ళు ఉండరు. పగలు ఎక్కడ ఉంచుతారు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, మీరు ఊరెళ్తే అన్నం ఎవరు పెడతారు అని అడగండి. మీ గంజాం జిల్లాలో ఈ మూడో ప్రశ్నను అసలు వదలకూడదు. సూరత్ పనులకు వెళ్ళే కుటుంబాలు మీ చుట్టూ ఎన్నో. వాళ్ళకు ఇవ్వొద్దని కాదు. కుక్కను ఎవరి దగ్గర ఉంచి వెళ్తారో ఆ మనిషి నంబరు రాయించుకుని, ఆ మనిషితోనే మాట్లాడండి. అద్దె ఇల్లయితే యజమానితోనూ అంతే. కొడుకు ముచ్చటపడి తీసుకెళ్తాడు, చాకిరీ తల్లి మీద పడుతుంది. తిరిగొచ్చే పిల్లల్లో ఇలాంటివి చాలా. రోజూ గిన్నె పెట్టి, ఒంటికీ రెంటికీ శుభ్రం చేసేది ఎవరో వాళ్ళు స్వయంగా రావాలి.

ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైందని తప్పకుండా అడగండి. "ఎటో పోయింది" అంటే గేటు చూసి రావాలి. పిల్ల తల దూరే సందుంటే ఒళ్ళూ దూరుతుంది. "వాంతులు, రక్త విరేచనాలతో చచ్చిపోయింది" అంటే పార్వో అనే అంటు వైరస్ జబ్బు అయి ఉండొచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. సిమెంటు నేలయితే సబ్బుతో కడిగి, 1 వంతు బ్లీచ్ ద్రవానికి 30 వంతుల నీళ్ళు కలిపి పోసి, 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచితే చస్తుంది. మట్టి పెరడులో ఇది పనిచేయదు. ఆ ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను ఇవ్వండి, పిల్లను మాత్రం వద్దు. కుక్కపిల్లలకు పార్వో టీకా 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోసారి వేయాలి. రేబిస్ టీకా 3 నెలలకు.

ప్రశ్న: పాతపట్నం, టెక్కలి వైపు నుంచీ కుక్కల్ని పెంచుకుంటామని అడుగుతున్నారు. అన్ని ఇళ్ళూ వెళ్ళి చూడలేం. ఒప్పంద పత్రం సరిపోతుందా? ఇవ్వలేమంటే నొచ్చుకుంటున్నారు కూడా.
– ఒక పాఠకుడు, పర్లాఖిమిడి

జవాబు: పాతపట్నం మీకు పక్క ఊరే, వెళ్ళి చూడండి. దూరమైతే వీడియో కాల్‌లో గేటు దగ్గర మొదలుపెట్టి మేడ మీది దాకా ఆపకుండా చూపించమనండి.

పత్రంలో రెండు మాటలు ఉండాలి: పెంచలేకపోతే మీకే తిరిగివ్వాలి, పిల్లను ఇస్తుంటే సంతాన నిరోధక ఆపరేషన్ ఏ నెలలో చేయిస్తారో తేదీతో సహా రాయాలి. ఆడ కుక్కపిల్ల 6 నెలలకే ఎదకు రావచ్చు, అప్పుడు కడుపు కడితే సుమారు 63 రోజుల్లో ఈనుతుంది. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట చదివి వినిపించండి. తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే, కానీ అందులో మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అందుకే కాగితం కన్నా ఫోన్‌ను నమ్ముకోండి: 3వ రోజు, 10వ రోజు, నెల నిండాక చేయండి. కొత్త చోటు నుంచి పారిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. మెడపట్టీకి ఫోన్ నంబరు బిళ్ళ కట్టి, పట్టీ కింద రెండు వేళ్ళు మాత్రమే దూరేలా బిగించి పంపండి.

కాదన్నప్పుడు కారణం చెప్పి, కుదిరే జంతువును చూపించండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంటికి రోజుకు 3–4 సార్లు తిండి పెట్టాల్సిన 2 నెలల పిల్ల కుదరదు. పగలంతా నిద్రపోయే నాలుగైదేళ్ళ కుక్క చక్కగా కుదురుతుంది.

ప్రశ్న: పూర్తి శాకాహారుల ఇంటికి పిల్లిని ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: మాంసం, చేప కలిసిన పిల్లి మేత కొని పెడతామంటేనే. పెరుగన్నం మీద పిల్లి బతకదు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి. వాళ్ళ పద్ధతికి అది ఇబ్బంది అయితే కుక్కను చూపించండి.