ఆ గ్రీన్ వైరు జోలికి పోకండి

ప్రశ్న: మాది చెన్నై, తండయారుపేట. మా మామయ్య సెకండ్‌హ్యాండ్‌లో పాత ఫైబర్ బోటు కొన్నాడు, అమెరికాలో చేసింది, వయసు ముప్పై ఏళ్ల పైనే. జెట్టీ నుంచి కరెంటు తీసుకుంటే బోటు సాకెట్ వేడెక్కి నల్లబడుతోంది, అయినా ఏసీ పెట్టాలంటున్నాడు. మిగతా లోహం తుప్పు పట్టకుండా అడుగున కట్టిన జింకు దిమ్మలు కొన్ని నెలలకే కరిగిపోతున్నాయి. గ్రీన్ రంగు ఎర్త్ వైరు కట్ చేస్తే ఆగుతుందని పక్క బోటాయన సలహా. చేసెయ్యమంటారా?

జవాబు: బాబోయ్, వద్దండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది. పక్క బోటాయన చెప్పిందాంట్లో సగం నిజమే లెండి, జెట్టీ ఎర్త్ వైరు ద్వారా పక్కపక్క బోట్లన్నీ కలిసిపోతాయి, మధ్యలో ఉప్పునీళ్లు, అంటే సముద్రమే ఒక పెద్ద బ్యాటరీ అయిపోయి మీ జింకుని తినేస్తుంది. కానీ ఆ వైరు తీసేశాక లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే అది పోవడానికి దారుండదు, రెయిలింగ్ పట్టుకున్నవాడి ఒంట్లోంచే పోతుంది. దీనికి గాల్వానిక్ ఐసొలేటర్ అని ఒక డబ్బా దొరుకుతుంది, లోపల డయోడ్లుంటాయి, సుమారు 1.2 వోల్టుల లోపు కరెంటుని ఆపేసి అసలు లీకేజీని మాత్రం వదులుతుంది. అది ఎర్త్ వైరు మధ్యలో పెట్టించండి.

ఇక ఆ నల్లబడ్డ సాకెట్. మా ఇంట్లో గీజర్ ప్లగ్ ఇలాగే కరిగి కంపు కొట్టేదాకా నేనూ పట్టించుకోలేదు, కాబట్టి మామయ్యని ఏమనను. ఉప్పుగాలికి పిన్నుల మీద చిలుము పట్టి, కాంటాక్టులో 0.2 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, 15 ఆంప్స్ లాగితే అక్కడే 45 వాట్ల వేడి, సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆన్ చేసి ప్లగ్‌లో దోపినట్టే. గీకి శుభ్రం చేస్తే కొన్నాళ్లే, సాకెట్టూ కేబులూ రెండూ మార్చాలి. లోపలి వైరు తగరం పూత ఉన్న సన్న పోగుల రాగిదే తీసుకోండి, ఇళ్లకి వాడే మామూలు వైరు ఉప్పుగాలికి తొడుగు లోపలే నల్లబడుతుంది. సాకెట్‌కి మూడు మీటర్ల లోపు మెయిన్ బ్రేకరూ, కరెంటు లీకైతే ఠక్కున ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ కూడా ఉండాలి.

అసలు చిక్కు వేరే. ఆ కాలం అమెరికా బోట్లు ఎక్కువగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 30 ఆంప్స్ లెక్కన చేసినవి, మనది 230, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది గానీ హెర్ట్జ్ మారదు, పాత ఏసీ కంప్రెసర్ ఉంటే వేడెక్కి చస్తుంది. అదే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే జెట్టీ ఎర్త్‌తో సంబంధమే ఉండదు, జింకు గొడవా తీరుతుంది, కాకపోతే మహా బరువు, ధర కూడా అలాగే. న్యూట్రల్, ఎర్త్ ఎక్కడ కలపాలో బోట్ల పని తెలిసిన ఎలక్ట్రీషియనే చూడాలి, ఇంటి వైరింగ్ చేసేవాళ్లకి వదలకండి.

ఏసీ సంగతి ఆ తర్వాత. కొన్నా ప్లేట్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ చూసే కొనమనండి. ఈలోగా రాత్రి ఫ్యాన్ కోసమని కూడా ఆ సాకెట్‌లో ప్లగ్ పెట్టొద్దని చెప్పండి.