మడతపెట్టుకునే ప్రార్థనా చిత్రాలు

ప్రశ్న: లండన్ నేషనల్ గ్యాలరీలో పుస్తకంలా తెరిచి నిలబెట్టిన రెండు రెక్కల చిత్రాన్ని చూశాను. పేరు విల్టన్ డిప్టిక్. చర్చిలో పెట్టే బొమ్మ ఇంత చిన్నదిగా ఎందుకుంది? వెనకవైపు కూడా బొమ్మలెందుకు వేశారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది చర్చిలో పదిమంది చూడడానికి చేసినది కాదు, ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ సొంత ప్రార్థన కోసం సుమారు 1395-99 మధ్య తయారైనది. ఒక్కో రెక్క ఎత్తు దాదాపు 53 సెంటీమీటర్లు, వెడల్పు 37. ఓక్ పలకల మీద బంగారు రేకు అద్ది, గుడ్డుసొనలో కలిపిన రంగులతో చిత్రించి, మడతబందులతో కలిపారు. ఆ కాలపు రాజులు ఒకేచోట ఉండక కొలువుతో సహా ఊరూరా తిరిగేవారు కనుక, మూసి వెంట తీసుకుపోగలగడం అవసరమైంది.

ఎడమ రెక్కలో రాజు మోకరిల్లి ఉంటాడు. వెనక బాప్తిస్మమిచ్చు యోహానూ, పునీతులుగా పూజలందుకున్న ఇద్దరు పూర్వపు ఆంగ్ల రాజులూ నిలబడతారు. కుడి రెక్కలో బాల యేసును ఎత్తుకున్న మరియమాత, చుట్టూ పదకొండుగురు దేవదూతలు. ఆ దూతలందరూ రిచర్డ్ సొంత చిహ్నమైన తెల్ల దుప్పి బిళ్లనే ధరించారు. పరలోకపు పరివారానికి తన కొలువు గుర్తు తొడిగించిన ఆ ధీమాను భక్తి అనాలో, దర్పం అనాలో తేల్చడం కష్టం. రెక్కలు మూస్తే ఈ లోపలి దృశ్యమంతా దాగి, వెనకవైపున్న రాజచిహ్నమూ తెల్ల దుప్పీ పైకి వస్తాయి. అంటే వస్తువు ఎవరిదో లోకానికి తెలుస్తుంది, లోపలిది మాత్రం యజమానికే. చేతులు తగిలి బయటి బొమ్మలు అరిగినా, లోపలి రంగులు నేటికీ తాజాగా ఉండడానికి కారణం ఇదే.

ఇంతకంటే చిన్నవీ ఉండేవి. 13, 14 శతాబ్దాల్లో పారిస్ పనివారు ఆఫ్రికా ఏనుగు దంతంతో ఇలాంటి జంట ఫలకాలు చెక్కేవారు. దంతపు లావును మించి ఫలకం వెడల్పు ఉండదు కాబట్టి, చాలామటుకు చేతిలో ఇమిడిపోతాయి.

విల్టన్ చిత్రంలోని జెండా కర్ర కొనన సెంటీమీటరు వెడల్పైన గోళం ఒకటుంది. 1990లలో దాన్ని శుభ్రం చేసినప్పుడు, అందులో పచ్చని దీవి, తెల్లని కోట, సముద్రం మీద చిన్న ఓడ బయటపడ్డాయి. చిత్రానికి అతి దగ్గరగా మోకరిల్లిన మనిషికి తప్ప అవి కనిపించేవి కావు.