లంగరు వేశాం, పడవ ఎందుకు కదిలింది?

ప్రశ్న: ఆరుగురు స్నేహితులం తడ దగ్గరి భీమునివారిపాలెం నుంచి మా సొంత ఇంజను పడవలో పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి వెళ్ళాం. ఒడ్డుకు కాస్త దూరంలో లంగరు వేసి, దిగి భోజనాలకు కూర్చున్నాం. మధ్యాహ్నం గాలి లేచేసరికి పడవ లంగరును ఈడ్చుకుంటూ పోయి వల గుంజలకు తగులుకుంది. నాలుగు కొక్కేల లంగరు 10 కిలోలు, తాడు 4 మీటర్లు. ఇంకా బరువైనది కొనాలా? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: వద్దు. తాడు కొనండి. లంగరు పడవను ఆపేది బరువుతో కాదు, నేలలో దిగబడి. తాడు నిటారుగా ఉంటే అల వచ్చినప్పుడల్లా పడవ ముక్కు లేచి లంగరును పెరికేస్తుంది. తాడు బాగా వాలి ఉంటే లాగుడు నేల వెంబడే పోతుంది, కొక్కెం ఇంకా దిగుతుంది. పులికాట్ లోతు తక్కువ కదా అని తాడు తగ్గించడమే చాలామంది చేసే పొరపాటు. లోతు లేని నీళ్ళలో గాలికి లేచే అలలు పొట్టివే గానీ వరసగా, నిలువుగా వచ్చి కుదిపేస్తాయి.

నీటి లోతుకు, నీటి మీద నుంచి పడవ ముక్కు ఎత్తు కలపండి. లోతు 1.5 మీటర్లు, ఎత్తు అర మీటరు అయితే మొత్తం 2. పడవలోనే ఉండి తినేటట్టయితే దానికి 5 రెట్లు, అంటే 10 మీటర్లు. దిగి వెళ్ళేటట్టయితే, గాలి పెరిగే సూచన ఉంటే 7 రెట్లు, 14 మీటర్లు. మీది 2 రెట్లే! లంగరుకూ తాడుకూ మధ్య 2, 3 మీటర్ల ఇనుప గొలుసు పెడితే లాగుడు నేలకు అంటి ఉంటుంది. కొక్కేల లంగరు రాళ్ళలో బాగా పట్టుకుంటుంది. బురదకు, ఇసుకకు వెడల్పు రెక్కలది మేలు.

గాలికి ఎదురుగా వచ్చి పడవను ఆపండి. లంగరును విసరకుండా దింపండి. విసిరితే తాడు కొక్కేలకే చుట్టుకుంటుంది. పడవ గాలికి వెనక్కి పోతుంటే తాడు వదులుతూ, చివర ముక్కుకే బిగించండి. వెనక భాగానికి కడితే అలలు లోపలికి ఎక్కుతాయి. ఇంజను నెమ్మదిగా వెనక్కి తిప్పి లాగి చూడండి. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక స్తంభం వరసలో పెట్టుకోండి. కాసేపటికి ఆ రెండూ విడిపోతే లంగరు జారుతున్నట్టే. గాలి మళ్ళితే పడవ తాడు పొడవునా గుండ్రంగా తిరుగుతుంది, ఆ మేర వలలు లేకుండా చూసుకోవాలి.

ప్రశ్న: పడవ వెనక తగిలించిన ఇంజను పక్కనుంచి వచ్చే సన్నటి నీటి ధార మధ్యలో ఆగిపోయింది. నడపవచ్చా? (కావలి పాఠకుడు)

జవాబు: వెంటనే ఆపేయండి. అది ఇంజనును చల్లార్చే నీరు. బురద, నాచు కింది జల్లెడకు అడ్డుపడి ఉంటాయి. ఇంజను ఎత్తి జల్లెడ కడిగి, ధార వచ్చే రంధ్రంలో సన్న తీగ ఆడించండి. అయినా రాకపోతే పంపులోని రబ్బరు చక్రం రెక్కలు పోయినట్టు. ఇక గెడ వేసుకుంటూ రావడమే. మోకాటి లోతులో ఇంజను కాస్త ఎత్తి నడపండి, అయితే జల్లెడ నీటిలోనే మునిగి ఉండాలి.

ప్రశ్న: శ్రీహరికోట ఒడ్డున కాసేపు దిగవచ్చా?

జవాబు: కుదరదు. అది అంతరిక్ష కేంద్రం నేల. సరస్సు కూడా పక్షుల అభయారణ్యమే, ముందుగా అటవీ శాఖను అడిగి బయల్దేరండి. రాజహంసల గుంపు కనబడితే ఇంజను ఆపి దూరం నుంచే చూడండి.